చేపని గేదె, కుమ్మే కోడె: పాడి రైతుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఫలానా రోగానికి మందు పేరు చెప్పమన్నవి తక్కువ. గొడ్డు ఎందుకిలా చేస్తోంది, మా వైపు పొరపాటేమిటి అని అడిగినవే ఎక్కువ. అందుకని మనిషికీ గొడ్డుకీ మధ్య మచ్చిక చెడిన చోట, ఆ మచ్చికే అక్కరకు రావలసిన చోట పుట్టిన ప్రశ్నలను ముందు తీసుకున్నాం. ఉత్తరాలను కుదించి వేస్తున్నాం.

ప్రశ్న: మా గేదె ఈని పన్నెండు రోజులైంది. ఎనిమిదో రోజున దూడ చచ్చిపోయింది. అప్పట్నుంచి చేపడం లేదు. పితకడానికి కూర్చుంటే తన్నుతోంది. వెనక కాళ్లకు బందం వేసి లాగితే అర లీటరు రావడమే కష్టంగా ఉంది. చేపు ఇంజెక్షన్ వేసేయమని అందరూ అంటున్నారు. వేయమంటారా?

జవాబు: రోజూ వేసే అలవాటు మాత్రం చేయకండి. ముందు పొదుగులో ఏం జరుగుతోందో చూద్దాం.

దూడ మూతి తగిలినప్పుడో, అలవాటైన చెయ్యి పొదుగును నిమిరినప్పుడో మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ రక్తంలోకి వస్తుంది. అది పొదుగుకు చేరి పాలగదుల చుట్టూ ఉన్న సన్నటి కండరాలను బిగిస్తుంది. అప్పుడు పాలు కిందికి దిగుతాయి. దీన్నే మనం చేపడం అంటాం. ఆవు పొదుగులో అయితే సుమారు ఐదో వంతు పాలు చేపకముందే చన్నుల పైనున్న తిత్తిలోకి దిగి ఉంటాయి. గేదెకు ఆ తిత్తి చాలా చిన్నది. నూటికి 95 వంతుల దాకా పాలు పైన పాలగదుల్లోనే ఉండిపోతాయి. అందుకే చేపని ఆవు నుంచి కొన్నయినా పాలు వస్తాయి గానీ, చేపని గేదెను ఎంత లాగినా చన్ను పుండు పడుతుందే తప్ప పాలు రావు.

భయపడినా, నొప్పి పుట్టినా అడ్రినలిన్ విడుదలై ఆక్సిటోసిన్ పనికి అడ్డం పడుతుంది. బందం బిగించి కర్ర చూపించినప్పుడు మీ గేదెకు జరుగుతున్నది ఇదే. 1999లో జెఫ్ రషెన్ బృందం ఆవుల మీద చేసిన పరిశీలనలో, తమతో మొరటుగా ప్రవర్తించిన మనిషి పాలు తీసేటప్పుడు దగ్గర నిలబడి ఉంటే చాలు, పొదుగులో దిగకుండా మిగిలిపోయే పాలు 70 శాతం పెరిగాయి. అతను ఆ పూట వాటిని ముట్టుకోను కూడా లేదు.

ఇక చేయవలసింది. ముందు నొప్పి ఉందేమో చూడండి. నాలుగు చన్నుల నుంచి మొదటి రెండు మూడు ధారలు నల్లటి గుడ్డ మీదికో, నల్లటి గిన్నెలోకో పిండండి. విరుగుడు ముక్కలు, నీళ్ల పాలు, నెత్తుటి చార కనిపిస్తే అది పొదుగువాపు. ఆ గేదె తన్నడం పొగరు కాదు, వైద్యం కావాలి. చన్ను మీద పగుళ్లు, పొక్కులు ఉన్నా అంతే.

అవేవీ లేకపోతే ఇలా మొదలుపెట్టండి. పితికే మనిషి ఒక్కరే ఉండాలి. రెండు పూటలా అదే వేళ, అదే చోటు, అదే పక్క. బందం తీసేయండి. తన్నుతుందని భయంగా ఉంటే మొదటి రెండు రోజులు పాలన్నీ తీయాలన్న పట్టుదల పెట్టుకోకుండా మెడ కింద, భుజం దగ్గర, తర్వాత డొక్క మీదుగా నిమురుతూ పొదుగు దాకా రండి. గేదె ఒళ్లు బిగిస్తే చెయ్యి తీయకుండా అక్కడే ఆపండి, సడలాక ముందుకు జరపండి. బిగించగానే చెయ్యి తీసేస్తే, బిగిస్తే మనిషి పోతాడని నేర్చుకుంటుంది. ఆ రెండు రోజులూ పొదుగు నిండి గట్టిపడకుండా వచ్చినన్ని పాలు మెల్లగా తీస్తూనే ఉండండి. నిలవ ఉన్న పాలు పొదుగువాపుకు దారి తీస్తాయి, పాల ఉత్పత్తినీ తగ్గిస్తాయి.

పితికే ముందు గోరువెచ్చటి నీళ్లలో తడిపి పిండిన గుడ్డతో పొదుగు తుడిచి, రెండు చేతులతో కింది నుంచి పైకి మెల్లగా మర్దన చేయండి. దూడ కుమ్మినట్టు మధ్యమధ్య చిన్నగా పైకి నెట్టండి. ఆవుకు నిమిషం, నిమిషంన్నర సరిపోతుంది. గేదెకు కనీసం రెండు మూడు నిమిషాలు పడుతుంది, దూడ పోయిన గేదెకు అయిదు నిమిషాలయినా పట్టవచ్చు. దాణాను సరిగ్గా మర్దన మొదలయ్యే క్షణంలో గాడిలో పెట్టండి. ముందే పెడితే పాలు దిగే లోపు తినేసి చిరాకు పడుతుంది. చన్నులు నిండి, మెరుస్తూ గట్టిపడినప్పుడు చేపినట్టు. ఆ తర్వాత ఆగకండి. ఒకసారి విడుదలైన ఆక్సిటోసిన్ ప్రభావం అయిదు నుంచి ఏడు నిమిషాలే ఉంటుంది. మధ్యలో లేచి ఫోను తీయడం, ఇంకో గేదె దగ్గరికి వెళ్లడం ఆ పూట పాలను పైనే వదిలేయడం.

గుప్పిట పట్టి పితకండి. చూపుడు వేలు, బొటనవేలితో చన్ను మొదలు మూసి, మిగతా వేళ్లను పై నుంచి కిందికి ఒకదాని తర్వాత ఒకటి బిగించాలి. బొటనవేలు లోపలికి మడిచి దాని కణుపు మీద చన్నును ఒత్తి లాగే పద్ధతి చాలామందికి అలవాటు. లోపలి పొర గాయపడి చన్నులో గట్టి గడ్డ పడేది దానివల్లే. కొన్ని గేదెలు ఏళ్ల తరబడి తన్నేదీ దానివల్లే.

ఇంజెక్షన్ మాటకు వస్తే, అందులో ఉండేదీ ఆక్సిటోసినే. పొదుగు బిగిసిపోయి ప్రమాదంగా ఉన్నప్పుడు పశువైద్యులు ఒకటి రెండు పూటలు వేయవచ్చు. రోజూ వేస్తే సూది లేకుండా చేపడం మరిచిపోతుంది. పైగా సూది నొప్పి, దాన్ని పట్టుకోవడానికి చేసే పెనుగులాట ఆ చోటంటేనే భయం పుట్టిస్తాయి. ఇది ఒక పూటలో కుదిరేది కాదు, కనీసం పది రోజులు ఇదే వరస తప్పకుండా నడపండి. ఒక పూట విసుగొచ్చి కొడితే మళ్లీ మొదటికొస్తారు.

ప్రశ్న: మా ఆవుకు తొలిచూలు, ఇంకో వారంలో ఈనుతుంది. మాయ పడేదాకా దూడకు పాలు పట్టకూడదని పెద్దవాళ్లు అంటున్నారు. ఎంతసేపు ఆగాలి? దూడ పుట్టగానే మేం ఏమేం చేయాలో కూడా చెప్పండి.

జవాబు: ఆగకండి. ఈ ఒక్క మాట వల్ల ఎన్ని దూడలు పోతున్నాయో తలచుకుంటే బాధగా ఉంటుంది.

మనిషి బిడ్డకు తల్లి కడుపులోనే కొంత రోగనిరోధక శక్తి అందుతుంది. ఆవు, గేదె, మేక, గొర్రెల మాయ దాన్ని దాటనివ్వదు. దూడ ఏ రక్షణా లేకుండా పుడుతుంది. దానికి కావలసిన యాంటీబాడీలన్నీ జున్నుపాలలో ఉంటాయి. వాటిని చెక్కుచెదరకుండా రక్తంలోకి తీసుకునే శక్తి దూడ పేగుకు పుట్టినప్పుడు ఎక్కువగా ఉండి, గంట గంటకీ తగ్గుతూ, 24 గంటలయ్యేసరికి మూసుకుపోతుంది. మాయ పడటానికి ఒక్కోసారి ఎనిమిది, పన్నెండు గంటలు పడుతుంది. ఆ లోపు సగం తలుపు మూసుకుపోయినట్టే. పైగా దూడ చీకితే తల్లికి విడుదలయ్యే ఆక్సిటోసిన్ గర్భాశయాన్ని కూడా బిగిస్తుంది కాబట్టి పాలు పట్టడం మాయ పడటానికి సాయమే తప్ప అడ్డం కాదు.

కొలత: దూడ బరువులో పదో వంతు. 30 కిలోల దూడకు 3 లీటర్లు. మొదటి రెండు గంటల్లోపు లీటరున్నర నుంచి రెండు లీటర్లు, మిగతాది ఆరు గంటల్లోపు. తల్లి దగ్గర వదిలేశాం, అదే తాగి ఉంటుందిలే అనుకోకండి. తొలిచూలు తల్లి తత్తరపడుతుంది, చన్ను అందనివ్వదు. దూడ చన్ను నోట్లో పెట్టుకున్నంత మాత్రాన మింగినట్టు కాదు. గొంతు కింద వేళ్లు పెట్టి మింగడం చూడండి. లేకపోతే తల్లి పాలు పితికి, పాలపీక ఉన్న సీసాతో పట్టండి.

పట్టేటప్పుడు దూడ నిలబడి గానీ, కనీసం రొమ్ము మీద కూర్చుని గానీ ఉండాలి. సీసాను తల్లి పొదుగు ఎత్తులో పట్టుకుంటే తల సహజంగా కొంచెం పైకి లేస్తుంది, అంతే చాలు. దూడ తానుగా చీకినప్పుడు ఆహారనాళం చివర ఉన్న గాడి మూసుకుని పాలు నేరుగా అసలు జీర్ణాశయంలోకి వెళతాయి. తల వెనక్కి విరిచి, గొట్టంతో గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మూడో రోజున న్యుమోనియాతో పోయే దూడల్లో ఇలా పోయించుకున్నవి కొన్ని ఉంటాయి. పాలు ఒంటి వేడిమిలో, 38, 39 డిగ్రీల దగ్గర ఉండాలి.

ఇప్పుడు మొదటి గంట పని. ముక్కు, నోట్లోంచి జిగురు తుడవండి. ఊపిరి తీయకపోతే గడ్డిపోచతో ముక్కులో కెలకండి, తుమ్ముతుంది. ఎండుగడ్డితో పక్కటెముకల మీద గట్టిగా రుద్దండి. వెనక కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయవద్దు. అప్పుడు కారేది ఎక్కువగా కడుపులోని ద్రవం, పైగా పేగుల బరువు ఊపిరితిత్తుల మీద పడి గాలి అందదు. రొమ్ము మీద, ముందు కాళ్లు మడిచి నిటారుగా కూర్చోబెట్టండి. తర్వాత తల్లి ముందు పెట్టి నాకనివ్వండి. తల్లి నాకుడు దూడ నెత్తుటిని కదిలిస్తుంది, ఒంటిని ఆరబెడుతుంది, ఇద్దరి మధ్య వాసన గుర్తు వేస్తుంది. బొడ్డును 7 శాతం టింక్చర్ అయొడిన్‌లో మొదలంటా ముంచండి. పైన పూయడం చాలదు, చిన్న గిన్నెలో పోసి మొత్తం మునగాలి. రెండు మూడు రోజులు పూటకోసారి చేయండి. బొడ్డు ద్వారా చేరిన క్రిమి మోకాళ్ల వాపుగా కొన్నాళ్ల తర్వాత బయటపడుతుంది, అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు.

మీ దగ్గర నాలుగైదు పశువులుంటే ఒక ముందుచూపు. బాగా పాలిచ్చే ఆవు జున్నుపాలు మిగిలిన రోజున లీటరు సంచుల్లో గడ్డకట్టించి ఉంచండి. ఏడాది దాకా పనికొస్తాయి. కరిగించేటప్పుడు 50 డిగ్రీల నీళ్లలో ఉంచండి. పొయ్యి మీద పెట్టి మరగనిస్తే యాంటీబాడీలు చెడిపోయి మామూలు పాలే మిగులుతాయి.

ప్రశ్న: నేను ఆవులకు పేర్లు పెట్టి పిలుస్తాను, మాట్లాడుతూ పని చేస్తాను. ఇంట్లో నవ్వుతారు. దీనివల్ల పాలు పెరుగుతాయని ఎక్కడో విన్నాను. నిజమేనా?

జవాబు: మీరు విన్నది 2009లో బ్రిటన్‌లోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయానికి చెందిన కేథరిన్ డగ్లస్, పీటర్ రోలిన్సన్ వెలువరించిన పరిశీలన అయి ఉంటుంది. వాళ్లు 516 మంది పాడి రైతులను అడిగి చూస్తే, ఆవులను పేరు పెట్టి పిలిచే కొట్టాల్లో ఒక ఈతకు 258 లీటర్ల పాలు ఎక్కువగా ఉన్నాయి. పేరులో పాలు లేవు. పేరు పెట్టేవాళ్లు ఒక్కో ఆవును విడిగా చూస్తారు, అది నిన్న ఎలా నిలబడిందో ఇవాళ ఎలా నిలబడిందో వాళ్లకు తేడా తెలుస్తుంది. అసలు లెక్క అక్కడుంది.

మాట్లాడటం మానకండి. గొంతు హెచ్చకుండా, ఒకే తీరుగా ఉండాలి. పశువుకు చుట్టూ చాలా వరకు కనిపిస్తుంది గానీ సరిగ్గా వెనక వైపు కనపడదు. మీరు అటు నుంచి వస్తూ మాట్లాడితే ఉలిక్కిపడి తన్నదు. నిమిరేటప్పుడు మెడ అడుగున, గంగడోలు దగ్గర, మూపు దగ్గర నిమరండి. ఆవులు ఒకదాన్నొకటి నాకేది అక్కడే. మెడ చాచి, చెవులు వాల్చి, కళ్లు సగం మూసిందంటే మీ చెయ్యి సరైన చోట ఉంది. నుదురు మాత్రం రుద్దకండి, ఎందుకో తర్వాతి జవాబులో ఉంది.

ప్రశ్న: తల్లి చచ్చిపోతే ఒక కోడెదూడను సీసా పాలతో ఇంట్లో పిల్లాడిలా పెంచాం. పిల్లలు దాని నుదురు మీద చేత్తో నెట్టి ఆడుకునేవాళ్లు. ఇప్పుడు పది నెలలు. వెంట పడి కుమ్ముతోంది. మొన్న మా ఇంటావిడను గోడకు అదిమింది. ఇంత ప్రేమగా పెంచితే ఎందుకిలా తయారైంది?

జవాబు: ప్రేమ తక్కువై కాదు. తోటి పశువులు లేక.

మనుషుల మధ్య ఒంటరిగా పెరిగిన మగదూడ తనను పశువుల్లో ఒకటిగా కాక మనుషుల్లో ఒకటిగా గుర్తుపెట్టుకుంటుంది. ఈడు వచ్చాక మంద కోడెలతో తేల్చుకోవలసిన పెత్తనాన్ని మనుషులతో తేల్చుకోవడానికి వస్తుంది. మందలో పెరిగిన బెదురు కోడె కన్నా ఇది ప్రమాదం, ఎందుకంటే దీనికి మనిషంటే దూరం లేదు. నుదురు మీద నెట్టే ఆట దూడల భాషలో పోట్లాటకు పిలుపు. మీ పిల్లలు తెలియక రోజూ పాఠం చెప్పారు.

ఇవాళ్టి నుంచే పిల్లలు, ముసలివాళ్లు దాని దగ్గరికి వెళ్లకూడదు. గట్టి కంచె ఉన్న చోటికి మార్చండి, లోపలి నుంచి మనిషి చటుక్కున తప్పుకునే సందు ఉండాలి. మేత, నీళ్లు కంచె బయటి నుంచే అందేలా పెట్టండి. లోపలికి వెళ్లవలసి వస్తే ఇద్దరు వెళ్లండి. దీని బెదిరింపు గుర్తుపట్టండి: మీకు అడ్డంగా తిరిగి ఒళ్లంతా చూపిస్తుంది, వీపు విల్లులా ఎత్తుతుంది, తల దించుతుంది, కాలితో మన్ను తవ్వుతుంది. చాలామంది అడ్డంగా తిరగడాన్ని పక్కకు తప్పుకోవడం అనుకుంటారు. కాదు, అది తన సైజు చూపించడం. అప్పుడు వీపు తిప్పి పరుగెత్తకండి. దాన్నే చూస్తూ వెనక్కి నడిచి కంచె చేరండి.

విత్తనానికి అక్కర్లేని కోడె అయితే పశువైద్యుల చేత మత్తు, నొప్పి మందులతో వృషణాలు తీయించండి. దూకుడు తగ్గుతుంది గానీ నేర్చుకున్న అలవాటు మొత్తం పోదు, తీయించడం ఎంత ఆలస్యమైతే ఆ అలవాటు అంత మిగులుతుంది. మనిషిని ఒకసారి నేల మీద పడేసి కుమ్మిన కోడెను మాత్రం ఏ మమకారంతోనూ ఇంట్లో ఉంచుకోవద్దు. ఈ మాట కటువుగా ఉన్నా మొహమాటం లేకుండా చెబుతున్నాం.

ఇక ముందు తల్లిలేని మగదూడ వస్తే సీసా పట్టండి, ప్రాణం నిలబెట్టండి. కానీ మొదటి వారాల్లోనే ఇంకో దూడను జత చేయండి, లేదా దూడ ఉన్న మరో ఆవుకు అలవాటు చేయండి. సీసా పట్టేటప్పుడు తప్ప ఆటకు పిలవకండి.

ప్రశ్న: రాత్రిపూట ఆవుకు కడుపుబ్బరం వస్తే పశువైద్యులు వచ్చేలోపు ఏం చేయాలి? నూనె ఎంత పోయాలి?

జవాబు: నూనె సీసా అందుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఏం తింది? మంచు ఆరని లేత లూసర్న్ లాంటి కాయజాతి పచ్చిమేత కడుపునిండా మేసి, ఎడమ డొక్క ఉబ్బితే అది నురగ ఉబ్బరం. గ్యాసు సన్నటి బుడగలుగా మేతలో చిక్కుకుని త్రేనుపుగా బయటికి రాలేదు. నూనె ఆ నురగను విరుస్తుంది కాబట్టి ఇక్కడ పనికొస్తుంది. గింజలు, పిండి దొంగతనంగా ఎక్కువ తింటే అది వేరే జబ్బు, కడుపులో ఆమ్లం పెరిగి నెత్తుటికి ఎక్కుతుంది. దానికి నూనె వైద్యం కాదు. మీరు ఎంత తిందో కొలత సరిగ్గా చెబితే డాక్టరుకు సగం పని తగ్గుతుంది.

గొంతులో ఏమైనా అడ్డం పడిందా? నోటి నుంచి చొంగ తీగలుగా కారుతూ, మెడ చాచి, మింగలేక దగ్గుతుంటే కాయో దుంపో ఇరుక్కుని ఉంటుంది. నూనె పోస్తే ఊపిరితిత్తుల్లోకే పోతుంది. పోయకండి.

నిలబడి ఉందా? పడుకుని, మింగే శక్తి లేని గొడ్డుకు నోట్లో ఏదీ పోయకూడదు.

నురగ ఉబ్బరమే, నిలబడే ఉంది అనుకుంటే: పెద్ద ఆవుకో గేదెకో 300 నుంచి 500 మిల్లీలీటర్ల వంటనూనె. మేకకు, గొర్రెకు 60 నుంచి 100. గాజు సీసా వద్దు, ప్లాస్టిక్ సీసా తీసుకోండి. తల నేలకు సమంగా ఉంచి, నోటి పక్క పళ్లు లేని సందులోంచి గుక్కెడు గుక్కెడుగా పోయండి. నాలుక బయటికి లాగితే మింగలేదు. దగ్గితే వెంటనే తల వదలండి. తర్వాత ముందు కాళ్లు ఎత్తు మీద ఉండేలా నిలబెట్టి, మెల్లగా నడిపించండి. వేలెడు లావు పుల్లను కళ్లెంలా నోట్లో అడ్డంగా పెట్టి కొమ్ముల వెనక కట్టండి. నములుతూ ఉంటే లాలాజలం ఊరుతుంది, అది నురగను తగ్గిస్తుంది, త్రేనుపూ వస్తుంది.

ఉబ్బు వెన్నెముక కన్నా పైకి లేచి, నాలుక బయటికి వచ్చి, అడుగులు తడబడుతుంటే నిమిషాల లెక్క. ఎడమ డొక్కలో గుచ్చి గాలి వదిలే ట్రోకార్ అప్పటికి ఆఖరి దారి. చోటు తప్పితే పేగుకు తగులుతుంది. అందుకని పచ్చిమేత కాలం మొదలయ్యే ముందే మీ పశువైద్యుల దగ్గర చోటు, కోణం చేత్తో చూపించుకుని నేర్చుకోండి. పొద్దున్నే పచ్చిమేతకు వదిలే ముందు కాస్త ఎండుగడ్డి తినిపించడం మీద శ్రద్ధ పెడితే ఈ రాత్రులు చాలావరకు రావు.

ప్రశ్న: కొంతమంది రైతులు చూడగానే గొడ్డుకు బాగాలేదని పట్టేస్తారు. అది ఎలా నేర్చుకోవాలి?

జవాబు: బాగున్న రోజున కొలిచి పెట్టుకోవడంతో మొదలవుతుంది.

ఆవు ఒంటి వేడిమి మలద్వారంలో థర్మామీటరు పెట్టి చూస్తే 38 నుంచి 39.3 డిగ్రీలు. మేకకు ఇంకాస్త ఎక్కువ, 38.5 నుంచి 39.7. మీ ఒక్కో పశువుకు చల్లటి వేళ మూడు రోజులు చూసి రాసుకోండి. ఎడమ డొక్కలో పిడికిలి ఆనించి ఉంచితే పెద్ద పొట్ట అలలా లేచి పడటం తెలుస్తుంది. రెండు నిమిషాలకు మూడు సార్లు మామూలు. ఒక్కసారీ లేకపోతే ఇంకే లక్షణం లేకున్నా ఆ గొడ్డుకు బాగాలేదు. నెమరు ముద్దకు 50, 60 సార్లు నములుతుంది, రోజులో ఏడెనిమిది గంటలు నెమరేస్తుంది. మధ్యాహ్నం పడుకున్న పశువుల్లో సగానికి పైగా నెమరేస్తూ కనిపించాలి.

మేతకు చివరగా వచ్చినది, గాడి దగ్గర నిలబడి కూడా తల దించనిది, మందకు వీపు తిప్పినది, చెవులు చల్లబడినది: వీటిలో ఏది కనిపించినా ఆ పూటే థర్మామీటరు తీయండి. ఈనిన మూడు రోజుల్లోపు చెవులు చల్లబడి, అడుగు తడబడి, తల డొక్క వైపు మడిచి పడుకుంటే కాల్షియం పడిపోయిన పాలజ్వరం. పేరులో జ్వరం ఉంది గానీ ఒళ్లు చల్లగా ఉంటుంది. అప్పుడు నోట్లో ఏమీ పోయకుండా, రొమ్ము మీద నిటారుగా కూర్చునేలా పక్కన గడ్డిమోపు ఆనించి వెంటనే డాక్టర్ని పిలవండి. కాల్షియం నరంలోకి చాలా నెమ్మదిగా, గుండె వింటూ ఎక్కించాలి. సొంతంగా ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు.

ప్రశ్న: ఒక్క మేకనే కొన్నాం. రాత్రీ పగలూ అరుస్తోంది. మేత, నీళ్లు అన్నీ ఉన్నాయి.

జవాబు: తోడు లేదు. ఇంకో మేకను తెండి. మందలో బతికే జీవానికి ఒంటరితనమే పెద్ద భయం. 2001లో కీత్ కెండ్రిక్ బృందం గొర్రెలు 50 తోటి గొర్రెల ముఖాలను రెండేళ్లకు పైగా గుర్తుపెట్టుకుంటాయని చూపించింది. మీ మేక అరిచేది ఎవరో కొన్ని ముఖాల కోసమే.

ప్రశ్న: దూడను పాలు మాన్పించేటప్పుడు తల్లీ పిల్లా మూడు రోజులు అరుస్తున్నాయి. వినలేకపోతున్నాం.

జవాబు: పాలు పోవడం, తల్లి పోవడం ఒకే రోజు జరగడంతో వచ్చిన చిక్కు ఇది. విడదీయండి. దూడ ముక్కుకు చన్ను అందకుండా అడ్డుపడే ప్లాస్టిక్ రేకు దొరుకుతుంది, దాన్ని తగిలించి నాలుగు నుంచి ఏడు రోజులు తల్లి పక్కనే ఉంచండి. గడ్డి తింటుంది, నీళ్లు తాగుతుంది, పాలు మాత్రం అందవు. తర్వాత రేకు తీసి విడిగా కట్టండి. అరుపు చాలా తగ్గుతుంది. రేకు లేకపోతే మూతి ఆనేంత దగ్గరగా, చన్ను అందనంత దూరంగా మధ్య కంచె పెట్టండి. దూడ రోజుకు కిలో దాణా వరసగా మూడు రోజులు తినగలిగాకే మొదలుపెట్టండి.

ప్రశ్న: పద్నాలుగేళ్ల ఆవు. ఈ ఇంట్లోనే పుట్టింది. నాలుగు రోజులుగా లేవడం లేదు. ఎన్నాళ్లు ప్రయత్నించాలి? ఎప్పుడు చాలనుకోవాలి?

జవాబు: అది ఎన్నాళ్లుగా పడుకుని ఉందన్న లెక్క కన్నా ఎలా పడుకుని ఉందన్నదే ఎక్కువ చెబుతుంది. రొమ్ము మీద కూర్చుని, కళ్లు చురుగ్గా, మేత అందుకుంటూ, మిమ్మల్ని చూడగానే లేవబోతుంటే ఇంకా ప్రయత్నించవచ్చు. మేత మానేసి, పక్కకు చాపగా పడి, మూలుగుతూ, తల ఎత్తి నిలబెట్టినా వాల్చేస్తుంటే వైద్యం పేరుతో నొప్పిని పొడిగిస్తున్నట్టే.

ప్రయత్నించేటప్పుడు అడుగు నేలే సగం వైద్యం. నాలుగైదు వందల కిలోల బరువు కింద కాలి కండరానికి నెత్తురు అందక కొన్ని గంటల్లోనే చచ్చుబడటం మొదలవుతుంది. మొదటి జబ్బు నయమైనా లేవలేకపోవడానికి కారణం ఇదే అవుతుంది. మట్టి నేల మీదికి గానీ, జానెడున్నర మందం ఇసుక లేదా గడ్డి పరుపు మీదికి గానీ మార్చండి. మార్చేటప్పుడు కాళ్లకో మెడకో తాడు కట్టి లాగవద్దు, మందపాటి పట్టా మీదికి దొర్లించి పట్టాను లాగండి. పగలూ రాత్రీ నాలుగు గంటలకోసారి పక్క మార్చండి. వెనక కాలు ఒంటి కింద చిక్కుకోకుండా చూడండి. తడి పరుపు వెంటనే తీసేయండి. నీళ్ల బక్కెట్టు రోజుకు నాలుగైదు సార్లు మూతి దగ్గర పెట్టండి, పక్కన ఉంచితే తన్ని పారబోసుకుంటుంది. పట్టీలతో లేపితే తన కాళ్ల మీద బరువు వేసుకుంటుందో లేదో చూడండి. బరువు వేయకుండా వేలాడుతుంటే దించేయండి. కరెంటు షాకు, తోక మెలిపెట్టడం, కొట్టడం వద్దు. లేవగలిగితే లేచేది.

రోజూ ఒకే వేళ మూడు విషయాలు కాగితం మీద రాయండి: ఎంత తింది, లేవడానికి ఎన్నిసార్లు ప్రయత్నించింది, పుండ్లు పెరిగాయా. రెండు మూడు రోజులు మూడూ అధ్వానమవుతూనే ఉంటే ఆ కాగితం పశువైద్యుల ముందు పెట్టి అడగండి. చట్టం ఒప్పుకునే చోట నొప్పి లేకుండా ప్రాణం తీయమని అడగడం ద్రోహం కాదు. ఒప్పుకోని చోట నొప్పి తగ్గించే మందు చివరిదాకా ఆపవద్దని అడగండి. ఆ మందు డైక్లోఫెనాక్ కాకుండా మెలాక్సికామ్ అయితే మంచిది. డైక్లోఫెనాక్ వేసిన పశువు కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోతాయని 2004లో రుజువైంది. మత్తుమందుతో ప్రాణం తీసిన కళేబరాన్ని లోతుగా పాతిపెట్టాలి, తవ్వి తిన్న కుక్కలూ పక్షులూ కూడా చస్తాయి.

ఆ పూట దాన్ని ఎప్పుడూ పట్టుకునే మనిషే తల దగ్గర కూర్చోవాలి. మీ వల్ల కాకపోతే, దానికి మీ తర్వాత అలవాటైన చెయ్యి ఎవరిదో వాళ్లను పిలవండి. ఎప్పుడూ కట్టే చోటే, ఎప్పటి పలుపే ఉండనివ్వండి. పక్కన కట్టే ఆవును కనుచూపులో ఉంచండి. మర్నాడు ఆ ఆవు పాలు తగ్గిస్తే, ఒకటి రెండు రోజులు అరిస్తే మందులు వేయకండి, వేళ తప్పకుండా మేత పెట్టి, వేళ తప్పకుండా పితకండి.